వైజాగ్‌లో మేఘాద్రిగెడ్డ పాత దారి పట్టుకోవడం ఎలా

గెడ్డ అంటే వాగు. దాని పాత దారి వెతకాలంటే ముందు నీళ్లు చూడటం మానేసి పల్లం చూడండి. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, ఎత్తుపల్లాలు చూపించే టెర్రైన్ పెట్టండి. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ. ఆ రెండింటి మధ్య ఎయిర్‌పోర్టు మీదుగా పోర్టు దాకా చాప పరిచినట్టు ఉన్న పల్లమంతా గెడ్డదే, ఇప్పుడు నీళ్లున్న కాలువ ఒక్కటే కాదు.

మంచు యుగం బాగా ముదిరినప్పుడు, అంటే దాదాపు 20,000 ఏళ్ల కిందట, నీళ్లు మంచుగా మారి ఖండాల మీదే ఉండిపోవడంతో ప్రపంచమంతటా సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి దిగింది. సముద్రపు లోతులు చూపే చార్టు దొరికితే 120 మీటర్ల గీత పట్టుకోండి, అప్పటి తీరం ఇంచుమించు అక్కడే. ఇప్పుడు సముద్రంలోకి పొడుచుకొచ్చినట్టుండే యారాడ కొండ కొస, డాల్ఫిన్ నోస్, అప్పుడు తీరానికి దూరంగా ఉన్న కొండ! గెడ్డ దాన్ని దాటుకుని ఇంకా ముందుకెళ్లి సముద్రంలో కలవాల్సిందే.

తర్వాత మంచు కరిగింది, దాదాపు 7,000 ఏళ్ల కిందటికి సముద్రం ఇప్పటి మట్టానికి దగ్గరగా వచ్చేసింది, లోయ కింది భాగంలోకి ఉప్పునీళ్లు ఎక్కి బురద పేరుకుని అదంతా ఉప్పుటేరు, మడ అడవి అయింది. దీనికి సాక్ష్యం కావాలంటే పోర్టు చుట్టుపక్కల ఎక్కడైనా పైల్స్ (కట్టడాల పునాది స్తంభాలు) దించుతుంటే ఆగి, బయటికొచ్చే మట్టి చూడండి. నల్లగా, జిగటగా, మధ్యమధ్యలో గుల్లల ముక్కలతో ఉంటే అది సముద్రం వదిలిన బురద. కొండవాలున తవ్వితే వచ్చే ఎర్రమట్టి పక్కన పెడితే తేడా వెంటనే తెలిసిపోతుంది. నా మటుకు ఏ మ్యాప్ కన్నా ఇదే గట్టి రుజువు.

పోర్టు దగ్గర కనిపించే తిన్నని అంచుల్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. 1933లో తెరిచిన హార్బర్ కోసం ఆ బురదనేలను డ్రెడ్జింగ్ చేసి లోతు చేశారు, కాబట్టి ఆ గీతలు మనుషులవి.

ఓపికుంటే భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకీ వెళ్లండి, వాననీళ్లు మెత్తటి నేలను ఎంత లోతుగా కోయగలవో అక్కడ కళ్లారా చూడొచ్చు. అంచుల మీదికి ఎక్కొద్దు, ఇట్టే విరిగిపడతాయి. మట్టి గుప్పెడు కూడా తేవొద్దు.