ఆకాశ చిత్రాలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: క్రాబ్ నెబ్యులా దగ్గర మన థర్మామీటర్ ఎందుకు తప్పుతుంది?

పోయిన పాఠంలోని లెక్కతోనే మొదలుపెడదాం. 2900ని ఒక వస్తువు ఉష్ణోగ్రతతో (కెల్విన్‌లలో) భాగిస్తే, అది ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా వెలుగుతుందో మైక్రాన్లలో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తెలుస్తుంది. ఈ లెక్కే మన థర్మామీటర్. సూర్యుడి ఉపరితలం దాదాపు 5,800 డిగ్రీలు (ఈ పాఠంలో డిగ్రీలంటే కెల్విన్‌లే), కాబట్టి అర మైక్రాన్. అంటే కంటికి కనిపించే వెలుగు. మన ఒళ్లు 310 డిగ్రీలు, కాబట్టి 9 మైక్రాన్ల పైచిలుకు. అంటే కంటికి కనిపించని పరారుణం (ఇన్‌ఫ్రారెడ్). ఇంటిపనిగా ఇచ్చిన 30 డిగ్రీల ధూళికి మీకు 97 మైక్రాన్లు వచ్చి ఉంటే సరిగ్గా చేసినట్టే. ఆ పరారుణాన్ని మన గాలిలోని నీటి ఆవిరి కిందికి రానివ్వదు. అందుకే హెర్షెల్ టెలిస్కోప్‌ను 2009లో అంతరిక్షానికి పంపారు.

ఈ లెక్క చేతికొచ్చాక ఏ చిత్రం చూసినా "ఇది చల్లటి ధూళి, అది మండే వాయువు" అని చెప్పేయాలనిపిస్తుంది. చాలాసార్లు అది సరిపోతుంది కూడా. ఈ రోజు మాత్రం సరిపోని చోటికి వెళ్తున్నాం. నా ఉద్దేశంలో ఈ మొత్తం వరుసలో ముఖ్యమైన పాఠం ఇదే, తొందరపడకుండా చదవండి.

ముందు ఇంట్లో ఉన్న ఎల్‌ఈడీ బల్బు డబ్బా తీసి చూడండి. చాలా డబ్బాల మీద 6500 అనే అంకె, పక్కనే కెల్విన్ గుర్తు ఉంటాయి. ఆ తెలుపు రంగు రావాలంటే ఒక వస్తువును ఎంత వేడి చేయాలో చెప్పే అంకె అది. కానీ బల్బు లోపల ఏదీ అంత వేడెక్కదు, సూర్యుడికన్నా వేడి వస్తువు మన హాల్లో వేలాడదు కదా! కొలిమిలో కాలిన ఇనుము వేడివల్ల వెలుగుతుంది. ఎల్‌ఈడీ వెలుగు పుట్టే దారి వేరు. ఆకాశంలోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి.

క్రాబ్ నెబ్యులా అనే వాయు మేఘం వృషభ రాశిలో, ఎద్దు కొమ్ము కొస దగ్గర ఉంటుంది. రోహిణి నక్షత్రం గుర్తుపట్టగలిగితే ఆ ప్రాంతం పోల్చుకున్నట్టే. దూరం సుమారు 6,500 కాంతి సంవత్సరాలు. 1054లో అక్కడ ఒక నక్షత్రం పేలిన వెలుగు మనకు చేరింది. చైనాలో ఆకాశం చూసేవాళ్లు దాన్ని 23 రోజులపాటు పట్టపగలే చూసి రాసిపెట్టారు. పేలాక మిగిలిన న్యూట్రాన్ నక్షత్రం ఇప్పటికీ సెకనుకు దాదాపు 30 సార్లు గిర్రున తిరుగుతోంది. దీన్ని 1968లో కనుగొన్నారు. ఇలా తిరుగుతూ లయగా మిణుకుమనేవాటిని పల్సార్లు అంటారు.

చిత్రం తెరిచే ముందు రంగుల పట్టిక చదవాలని రెండో పాఠంలో చెప్పాను. ఇక్కడ అది తప్పనిసరి. 2017లో విడుదలైన ప్రసిద్ధ చిత్రంలో రేడియో ఎరుపు, స్పిట్జర్ పరారుణం పసుపు, హబుల్ వెలుగు ఆకుపచ్చ, అతినీలలోహితం నీలం, చంద్ర ఎక్స్‌రే ఊదా. స్పిట్జర్, హబుల్, చంద్ర మూడూ అంతరిక్ష టెలిస్కోప్‌ల పేర్లు. మరో చిత్రంలో ఎక్స్‌రేకు నీలం, తెలుపు వేసి, ఊదాను హబుల్‌కి ఇచ్చారు. మొదటిదానికి అలవాటుపడిన కన్ను రెండోదాన్ని పూర్తిగా తప్పుగా చదువుతుంది.

ఇప్పుడు లెక్క వేయండి. 2900ని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఉష్ణోగ్రత రావాలి. చంద్ర చూసే ఎక్స్‌రేల్లో ఒక రకం 0.001 మైక్రాన్ ఉంటుంది, కాబట్టి 29 లక్షల డిగ్రీలు. బాగానే ఉంది, అంత వేడి వాయువులు ఆకాశంలో ఉంటాయి. ఇదే నెబ్యులా ఫెర్మీ టెలిస్కోప్‌కి గామా కిరణాల్లోనూ మెరుస్తూ కనిపిస్తుంది. 10 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణాల శక్తిని కొలిచే ప్రమాణం) గామా కిరణానికి అదే లెక్క వేస్తే దాదాపు 23 వేల కోట్ల డిగ్రీలు వస్తాయి! ఇటు చూస్తే రేడియోలోనూ వెలుగే. వేడి వస్తువు వెలుగు ఒక శిఖరానికి చేరి, ఆపైన పొట్టి తరంగాల వైపు చప్పున పడిపోతుంది. ఇక్కడ అలా పడిపోవడమే లేదు, రేడియో నుంచి గామా దాకా వెలుగు సాగుతూనే ఉంది. మొదటి అనుమానం రావలసింది ఇక్కడే.

రెండో ఆధారం కోసం ఒక్కో తరంగదైర్ఘ్యంలో నెబ్యులా ఎంత పెద్దగా ఉందో కొలవండి. స్కేలు పెట్టి కొలిచినా చాలు. రేడియోలో అన్నిటికన్నా పెద్దది, మామూలు వెలుగులో కాస్త చిన్నది, ఎక్స్‌రేలో అందులో సగం కూడా ఉండదు. ఎక్స్‌రే వెలుగంతా పల్సార్ చుట్టూ వలయాలుగా, రెండు వైపులా చిమ్మే ధారలుగా ఉంటుంది.

ఎక్స్‌రే వచ్చే చోటు చిన్నదే అయినా చుక్క కాదని చంద్ర టెలిస్కోప్ కంటే చాలా ముందే తెలుసు, ఆ కథ నాకు ఎంతో ఇష్టం. 1964 జులైలో చంద్రుడు క్రాబ్ నెబ్యులాకు అడ్డంగా వెళ్లాడు. సరిగ్గా ఆ సమయానికి అమెరికాలో ఒక రాకెట్‌ను గాలిపొర పైకి పంపారు. దాని చేతిలో ఉన్నది కొద్ది నిమిషాలే. ఎక్స్‌రేలు ఒక్క న్యూట్రాన్ నక్షత్రం నుంచే వస్తుంటే, చంద్రుడి అంచు తగలగానే స్విచ్ కట్టేసినట్టు ఆగిపోవాలి. అలా ఆగలేదు, మెల్లమెల్లగా తగ్గాయి. అంటే అవి దాదాపు ఒక కాంతి సంవత్సరం మేర పరుచుకున్న చోటు నుంచి వస్తున్నాయి. బొమ్మ తీసే పరికరం లేకుండానే, చంద్రుడి అంచును కత్తిలా వాడుకుని కొలిచేశారు.

ఎక్స్‌రేలో చిన్నగా ఎందుకుంది? అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో మెలికలు తిరుగుతూ వెలుగు వెదజల్లుతాయి. దీన్నే సింక్రోట్రాన్ వెలుగు అంటారు. మన ఇండోర్‌లోని ఇండస్-2 యంత్రంలో పుట్టేదీ ఇదే. ఎక్స్‌రే వెదజల్లేంత శక్తి ఉన్న ఎలక్ట్రాన్ కొన్నేళ్లలోనే ఆ శక్తిని పోగొట్టుకుంటుంది కాబట్టి ఎక్కువ దూరం వెళ్లలేదు. రేడియో ఎలక్ట్రాన్లు పొదుపుగా ఖర్చుపెడతాయి, అందుకే అంచుల దాకా చేరాయి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. మన లెక్కలో పేలుడు జరిగి 970 ఏళ్లు దాటింది. కొన్నేళ్లే బతికే ఎక్స్‌రే ఎలక్ట్రాన్లు ఇంకా కనిపిస్తున్నాయంటే ఎవరో కొత్తవాటిని పంపుతూనే ఉండాలి. ఆ పని చేస్తున్నది పల్సార్. అందుకు బదులుగా దాని వేగం తగ్గుతోంది. అది ఒక చుట్టు తిరిగే సమయం రోజుకు దాదాపు 36 నానోసెకన్ల (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు) చొప్పున పెరుగుతోంది.

మూడో ఆధారం ధ్రువణం. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్ ఉంటే వాటిలోంచి ల్యాప్‌టాప్ స్క్రీన్ చూస్తూ అద్దాలను మెల్లగా తిప్పండి. చాలా స్క్రీన్లు ఒక కోణంలో నల్లబడతాయి. ఆ వెలుగు తరంగాలు ఒకే దిశలో ఊగుతున్నాయన్నమాట. వేడి వాయువు నుంచి వచ్చే వెలుగులో సాధారణంగా ఆ క్రమం ఉండదు, సింక్రోట్రాన్ వెలుగులో ఉంటుంది. క్రాబ్ మామూలు వెలుగులో ఈ ధ్రువణాన్ని 1950లలోనే పట్టుకున్నారు. ఎక్స్‌రేలో కొలవడం చాలా కష్టం. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం ఆ పనిని బాగా శక్తిమంతమైన ఎక్స్‌రేల్లో చేసింది. పల్సార్ మెరుపుకీ మెరుపుకీ మధ్య కూడా ధ్రువణం మారుతోందని 2017లో వెలువడిన ఫలితాలు చూపించాయి. నెల్లూరు, సూళ్లూరుపేట వైపు వాళ్లు ఆ రాకెట్ పైకి లేవడం కళ్లారా చూసి ఉండొచ్చు.

అలాగని క్రాబ్‌లో మన లెక్కను పూర్తిగా పక్కన పెట్టేయకండి. హబుల్ చిత్రంలో కనిపించే దారపు పోగుల్లాంటివి పేలిన నక్షత్రం విసిరిన వాయువు. వాటిలో ధూళి ఉంది. వెబ్ టెలిస్కోప్ 2023 చిత్రంలో ఆ ధూళి పోగులు విడిగా, సింక్రోట్రాన్ వెలుగు పాలపొగలా విడిగా కనిపిస్తాయి. హెర్షెల్ కొలిచిన చల్లటి ధూళికి 2900 లెక్క చక్కగా పనిచేస్తుంది. ఆ హెర్షెల్ సమాచారంలోనే ఆర్గాన్, హైడ్రోజన్ కలిసిన అణువు జాడ దొరికింది. దేనితోనూ కలవదని స్కూల్లో చదువుకున్న జడవాయువు అంతరిక్షంలో జత కట్టి కనిపించడం అదే మొదటిసారి. 2013 నాటి మాట.

ఈసారి ఇంటిపని కాసియోపియా ఎ. ఇది కూడా పేలిన నక్షత్రమే, మన లెక్కలో సుమారు 340 ఏళ్ల క్రితంది. చంద్ర తీసిన ఎక్స్‌రే చిత్రం వెతికి, రంగుల పట్టిక చదివి, బొమ్మను మూడు ముక్కలుగా చూడండి: సిలికాన్, ఇనుము లాంటి మూలకాల పేర్లు రాసి ఉన్న ముద్దలు, బయట సన్నటి అంచు గీత, సరిగ్గా మధ్యలో ఉన్న చుక్క. వీటిలో దేనికి 2900 లెక్క వేయొచ్చు, దేనికి వేయకూడదు? కారణం కూడా రాయండి. ఒక సూచన ఇస్తాను: ఒక్కో మూలకానికి తనదైన తరంగదైర్ఘ్యం దగ్గర గీత కనిపిస్తుంటే, అక్కడ మండే వాయువు ఉన్నట్టు. మధ్యలోని చుక్కను మాత్రం వదిలేయకండి. చంద్ర 1999 ఆగస్టులో పంపిన తొలి చిత్రంలోనే అది బయటపడింది, వచ్చే పాఠం దానితోనే మొదలవుతుంది.