కుక్క ఆగకుండా గోక్కుంటుంటే ఏం చేయాలి? ఏది ముందు, ఏది తర్వాత

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న మా పర్లాకిమిడిలో వానలు మొదలైతే చాలు, వీధిలో సగం కుక్కలు కూర్చున్నచోటే వెనక కాలితో టపటపమని గోక్కుంటూ ఉంటాయి. మా చిట్టి కూడా అంతే, నల్ల నాటుకుక్క, రాత్రిళ్ళు అది గోక్కునే చప్పుడుకి మాకు నిద్ర ఉండేది కాదు. చికెన్ వేడి చేసిందని ఎవరో చెప్తే నమ్మేసి మూడు నెలలు దానికి ఉత్త పెరుగన్నమే పెట్టాం, పాపం అది మా మొహాలు చూసుకుంటూ తినేది, తీరా చూస్తే దోషం అన్నంలోనూ లేదు చికెన్‌లోనూ లేదు, అది పడుకునే గోనెసంచిలో ఉంది. అందుకే చెప్తున్నా, గిన్నె దగ్గర మొదలుపెట్టొద్దు, చర్మం దగ్గర మొదలుపెట్టండి.

1. ముందు పురుగులు వెతకండి

పేల దువ్వెన తీసుకుని తోక మొదలు దగ్గర, నడుం మీద గట్టిగా దువ్వండి. రాలిన నల్లటి నలకల్ని తడిపిన తెల్ల కాగితం మీద వేయండి. చుట్టూ తుప్పు రంగులో ఎర్రగా దిగిందంటే అది మట్టి కాదు, ఫ్లీస్ పెంట, అందులో ఉన్నది మీ కుక్క రక్తమే. ఫ్లీస్ అంటే గోధుమ రంగులో సన్నగా ఉండి, పట్టుకుందామంటే గెంతేసే పురుగులు. ఒక్కటీ కనపడలేదు కదా అని వదిలేయొద్దు, వాటి ఉమ్మి అంటే ఎలర్జీ ఉన్న కుక్కకి ఒకట్రెండు కాట్లు చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది. నడుం మీద, తోక దగ్గర వెంట్రుకలు ఊడిపోతే మొదటి అనుమానం దీని మీదే.

గోమార్లయితే చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో చూడండి.

చెవి అంచులు, మోచేతులు, పొట్ట మీద పొట్టు లేచి విపరీతంగా గోక్కుంటుంటే గజ్జి కావచ్చు. చెవి అంచుని వేళ్ళతో మెల్లగా రుద్దితే వెనక కాలు దానంతట అదే ఆడుతుందేమో చూడండి, ఆడితే అనుమానం ఇంకా గట్టిది. ఈ రకం మనుషులకీ అంటి దద్దుర్లు వస్తాయి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

2. కుక్కకీ ఇంటికీ కలిపి మందు

చాలామంది తప్పేది ఇక్కడే. కుక్కకి స్నానం చేయించి మళ్ళీ ఆ పాత గోనె మీదే పడుకోబెడతారు. కుక్క మీద కనిపించే ఫ్లీస్ కొన్నే, గుడ్లూ పిల్లలూ గూళ్ళూ అన్నీ గచ్చు పగుళ్ళలో, మంచం కింద, పరుపులో ఉంటాయి, గూట్లో ఉన్నది నెలల తరబడి బతకగలదు. పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండేయండి, మూలలు రోజూ ఊడవండి, గోనెసంచి కాల్చేయండి, మళ్ళీ కొనుక్కోవచ్చు.

కుక్కకైతే ఇప్పుడు మాత్రలున్నాయి, అఫోక్సోలానర్ నెలకొకటి, ఫ్లూరలానర్ దాదాపు 12 వారాలకొకటి. బరువు తూచి డాక్టర్ రాసిందే కొనండి, ఫిట్స్ వచ్చే కుక్కయితే ముందే చెప్పండి. ఇంట్లో ఎన్ని కుక్కలుంటే అన్నిటికీ వేయాలి. పిల్లి కూడా ఉంటే కుక్కకి వాడే పెర్మెత్రిన్ మందు దానికి పొరపాటున కూడా తగలకూడదు, చచ్చిపోగలదు.

ఇక దురదకి ఇంజన్ ఆయిల్ పూసే సంగతి. ఆటో స్టాండ్‌లో అడిగితే పది మందీ అదే చెప్తారు, మాకూ చెప్పారు. వద్దండీ. కుక్క దాన్ని నాకుతుంది, కడుపులోకి పోతుంది, చర్మం కాలుతుంది. కిరసనాయిలూ ఫినాయిలూ కూడా అంతే.

3. వాసన చూడండి

నవ్వకండి, నిజంగానే. పుల్లగా, ముక్కిన నూనెలా కంపు కొడుతూ, చర్మం జిడ్డుగా నల్లగా మందం ఎక్కితే ఈస్ట్ అనే బూజు పట్టినట్టు, చెవుల్లో ఇంకా ఎక్కువ. చీముపొక్కులూ గుండ్రటి పక్కులూ ఉంటే బ్యాక్టీరియా. ఇవి చాలాసార్లు ఎలర్జీ మీద వచ్చి కూర్చునే రెండో రోగాలు, ఇవి తగ్గకుండా అసలు దురద ఎంతో తెలీదు. డాక్టర్ చర్మం గీకి మైక్రోస్కోప్‌లో చూస్తారు. క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ షాంపూ రాసిస్తే దాని నురగ 10 నిమిషాలు ఒంటి మీద ఉంచి, గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు కూడా ఆరేలా తుడవాలి. మనం వాడే షాంపూలూ, మెడికల్ షాపులో ఇచ్చే మనుషుల దురద క్రీములూ వద్దు. యాంటీబయాటిక్ రెండ్రోజులకే తగ్గింది కదా అని ఆపొద్దు.

4. అప్పుడు తిండి

పురుగుల్లేవు, ఇన్ఫెక్షన్ తగ్గింది, అయినా గోక్కుంటోంది, అప్పుడు గిన్నె వైపు చూడండి. కుక్కలకి ఎక్కువగా పడనివి బీఫ్, పాలు, చికెన్, గోధుమ. మేం పెరుగన్నం పెట్టి చేసింది పరీక్షే కాదు, పెరుగూ పాల సరుకే కదా. అది ఇంతవరకూ తినని మాంసం ఒకటి, తినని పిండి పదార్థం ఒకటి, ఉదాహరణకి చేప ఎప్పుడూ తినకపోతే చేపా చిలగడదుంపా, ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఉడికించి 8 వారాలు అదొక్కటే పెట్టాలి. బిస్కెట్ లేదు, పాలు లేవు, పొద్దున్న మిగిలిన పఖాళ, అంటే నీళ్ళు పోసిన చద్దన్నం, కూడా లేదు. నానమ్మ దొంగచాటుగా ఒక్క ముక్క వేసినా లెక్క తప్పుతుంది, మా ఇంట్లో అయితే ఇది అసలు కుదిరేది కాదేమో. తగ్గితే పాత తిండి మళ్ళీ పెట్టి చూడాలి, రెండు వారాల్లోపు దురద తిరిగొస్తే దొంగ దొరికినట్టే.

5. అప్పటికీ తగ్గకపోతే

ఇక గాలిలోది, దుమ్ములోది, గడ్డిలోది పడట్లేదని లెక్క. ఎక్కువగా 3 ఏళ్ళలోపే మొదలవుతుంది, పాదాలు నాకుతూనే ఉంటుంది, చంకలూ చెవులూ ఎర్రబడతాయి. ఇది పోదు, అదుపులో ఉంటుంది అంతే. బయట తిప్పి తెచ్చాక తడిగుడ్డతో పాదాలూ పొట్టా తుడవండి. దురద తగ్గించే ఓక్లాసిటినిబ్ లాంటి మాత్రలున్నాయి, ఏడాది నిండని కుక్కకి ఇవ్వరు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒక్కటి వేస్తే దురద మర్నాటికి మాయం అవుతుంది నిజమే, కానీ కారణం వెతక్కుండా నెలనెలా అదే వేయిస్తే కుక్క నీళ్ళు తెగ తాగి, ఉచ్చ పోసి, పొట్ట జారిపోయి, చర్మం పల్చబడుతుంది.

మొహం ఉన్నట్టుండి వాచినా, ఊపిరి అందకపోయినా ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే పరిగెత్తండి. గోమార్లు పట్టిన కుక్క తిండి మానేసి, చిగుళ్ళు తెల్లబడితే అదే రోజు రక్తం పరీక్ష.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు దురద ఎప్పటి నుంచి, ఏ నెలలో ఎక్కువ, ఏం తింటుంది, ఏ మందు ఎప్పుడు వేశారు అన్నీ కాగితం మీద రాసుకెళ్ళండి. ఆంధ్రలోని పాతపట్నం వైపు వెళ్తే తెలుగులోనే చెప్పుకోవచ్చు, ఇక్కడ డాక్టరు కొత్తగా వచ్చినాయన అయితే ఒడియాలో "కుండేయ్ హెఉచి", అంటే దురదగా ఉంది అని, గోక్కునే చోటు వేలు పెట్టి చూపించండి, ఆయనకి అర్థమైపోతుంది.