అడవిలో తిరిగే ఉద్యోగం కావాలంటే ఎలా చదవాలి?

ముందు దారి చూసుకోండి. ఇంటర్‌లో బైపీసీ, ఆ తర్వాత బీఎస్సీ ఫారెస్ట్రీ, దానికి మన దగ్గర సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజీ ఉంది. సీటు రాలేదని టెన్షన్ పడక్కర్లేదు, జువాలజీ, బోటనీ ఉన్న మామూలు డిగ్రీతో కూడా ముందుకెళ్లొచ్చు. కానీ స్టాటిస్టిక్స్‌ని మాత్రం వదలొద్దు. అడవిలో జంతువులన్నీ మన కంటపడవు కాబట్టి, కనిపించినవాటిని బట్టి మొత్తం ఎన్ని ఉంటాయో అంచనా కట్టడమే ఈ చదువుకి గుండెకాయ.

డిగ్రీలో ఉండగానే ఓ నోట్‌బుక్ మొదలుపెట్టండి. మీ ఊరి చెరువు చాలు. వారానికోసారి అదే గట్టు మీద, అదే టైముకి నిలబడి తేదీ, వాతావరణం, ఏ పక్షి, ఎన్ని, మేస్తున్నాయా, ఊరికే నిలబడ్డాయా అన్నీ రాయండి, ఏమీ కనిపించని రోజు "ఏమీ లేవు" అని కూడా రాయాలి, ఎందుకంటే ఆ సున్నా లేకపోతే రేపు పక్షులు తగ్గాయో పెరిగాయో తేల్చలేం. ఆ లెక్కల్ని పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించండి. జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతుంది, దగ్గర్లో ఎవరు చేస్తున్నారో కనుక్కుని వెళ్లండి.

తర్వాత ఫీల్డు పద్ధతులు. ఉదాహరణకి పులుల కోసం కెమెరాలు పెట్టేటప్పుడు బాటకి రెండు వైపులా ఒక్కోటి, సుమారు మోకాలి ఎత్తులో కడతారు. పులికి ఎడమవైపు చారలు ఒకలా, కుడివైపు ఇంకోలా ఉంటాయి, ఒకే కెమెరాతో సరిపెడితే ఒకసారి ఎడమవైపు, ఇంకోసారి కుడివైపు ఫొటో పడి ఒక్క పులినే రెండుగా లెక్కేసే ప్రమాదం ఉంది. ఇలాంటివి చేత్తో చేస్తేనే వస్తాయి. నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణనకి కొన్ని రాష్ట్రాలు వాలంటీర్లని తీసుకుంటాయి, ఆ ప్రకటన కోసం కాచుకుని ఉండండి.

నడక కూడా ఇప్పుడే మొదలుపెట్టాలి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కైనా, రేంజ్ ఆఫీసర్ పోస్టుకైనా మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడిచి చూపించాలి. ఆడవాళ్లకి దూరం తక్కువ, నోటిఫికేషన్‌లో చూసుకోండి. రాతపరీక్ష పాసయ్యాక సాధన చేద్దామంటే కాళ్లు సహకరించవు.

పీజీకి డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) పేరున్నవి. సీట్లు చాలా తక్కువ, ఎన్‌సీబీఎస్‌లో అయితే రెండేళ్లకోసారే చేర్చుకుంటారు, అందుకే ఇంటర్వ్యూలో చూపించడానికి ఆ చెరువు నోట్‌బుక్ లాంటిది ఉండాలంటున్నాను.

మరొకటి, మనుషుల గురించి చదవకుండా ఈ పని చేయలేం. నల్లమలలో అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలా తిరిగే చెంచుల్ని అడగండి, ఏ వాగులో ఎండాకాలం నీళ్లు నిలుస్తాయో, అక్కడికి ఏ జంతువు ఎప్పుడొస్తుందో చెప్తారు. చిత్తూరు వైపు ఏనుగులు తొక్కిన పొలానికి వెళ్తే మాత్రం జంతువుల గొప్పతనం గురించి మొదలుపెట్టకండి. ముందు ఎంత పంట పోయిందో, పరిహారానికి అర్జీ పెట్టారో లేదో అడిగి రాసుకోండి.