కృష్ణ కుడి గట్టున గ్రావెల్ సైకిల్ ప్రయాణం ఎలా చేయాలి?

విజయవాడలోనూ గుంటూరులోనూ గ్రావెల్ సైకిలు (మట్టి, కంకర దారుల్లోనూ తొక్కగలిగే వెడల్పు టైర్ల సైకిలు) కొన్నవారిలో ఎక్కువమంది మొదట ఉండవల్లి మీదుగా అమరావతికి బయలుదేరుతారు. ఉండవల్లి గుహలు, అమరేశ్వరుడి గుడి, మహాచైత్యం చూడవలసినవే. కానీ రాజధాని పనుల లారీలు తిరిగే ఆ దారిలో ప్రశాంతత ఆశించకూడదు. నది పక్కన నిశ్శబ్దంగా తొక్కాలనుకునేవారు ప్రకాశం బ్యారేజీ దాటాక ఎగువకు కాదు, దిగువకు తిరగాలి. సీతానగరం నుంచి కాలువ గట్టు మీద దుగ్గిరాల, అక్కడి నుంచి డొంకల్లో (పొలాల మధ్య మట్టి బండ్ల దారుల్లో) కృష్ణ కరకట్ట, కరకట్ట వెంట కొల్లూరు, వెల్లటూరు, చివరకు భట్టిప్రోలు: సరైన వరుస ఇదే. మలుపులతో కలిపి 60 కిలోమీటర్లకు పైనే ఉంటుంది కనుక రోజంతా దీనికే కేటాయించాలి.

సంక్రాంతి దాటాక బయలుదేరి శివరాత్రి లోపల ముగించుకోవాలి. అంతకు ముందు వరి కోతల యంత్రాలు డొంకలను దున్నేస్తాయి, ఆ తర్వాత ఎండ మనిషిని నిలవనివ్వదు. వానాకాలంలో ఈ దారి ఆలోచనే వద్దు. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండో హెచ్చరిక జారీ చేస్తారు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు కొల్లూరు వైపు లంక గ్రామాలు నీట మునిగాయి. మొదటి హెచ్చరిక ఉన్న రోజున కరకట్ట దిగి లంకలోకి వెళ్ళడమంటే ప్రాణంతో ఆడుకోవడమే.

సామాను గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 40 మిల్లీమీటర్లకు తగ్గని టైర్లు, రెండు ట్యూబులు, పంపు, చెయిన్ లింకు, మూడు లీటర్ల నీళ్ళు చాలు. గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి కనుక సీలెంట్ (చిల్లును తానే పూడ్చే ద్రవం) పోసిన ట్యూబ్‌లెస్ టైర్లు ఉంటే మరీ మంచిది. మడ్‌గార్డులు మాత్రం ఇంట్లోనే విప్పి పెట్టి రావాలి. కారణం తర్వాత తెలుస్తుంది.

తెల్లవారుతుండగా సీతానగరం చేరితే పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ ఎదురవుతుంది. 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్టతో ఈ కాలువల వ్యవస్థ మొదలైంది, దాని స్థానంలో ఇప్పటి బ్యారేజీ 1957లో వచ్చింది. ఒకప్పుడు ఈ కాలువలో పడవలు నడిచేవి, దుగ్గిరాల దగ్గర చీలే కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం వెళ్ళి బకింగ్‌హామ్ కాలువలో కలిసేవి. గట్టు చదునుగా సాగుతుంది కనుక దుగ్గిరాల లాకుల దాకా తొక్కడం ఎవరికైనా సులువే. గట్టు మీద ధాన్యం గానీ పసుపు గానీ ఆరబోసి ఉంటే సైకిలు దిగి పక్కగా నడిపించుకు వెళ్ళాలి. అది ఒక కుటుంబం ఏడాది కష్టం, దాని మీద చక్రం పోనివ్వడం ఏ మాత్రం క్షమించదగినది కాదు.

అసలు కష్టం దుగ్గిరాల దాటాక మొదలవుతుంది. కాలువ గట్టు వదిలి తూర్పుగా పెదకొండూరు, గొడవర్రు వైపు కరకట్టకు చేరడానికి పొలాల మధ్య డొంకలు పట్టుకోవాలి. సైకిళ్ళు పాడయ్యేది, మనుషులు విసిగి వెనక్కి తిరిగేది ఇక్కడే. ఫోన్‌లో గీత కనబడింది కదా అని దిగిపోవడం ఇందుకు మూలం. ఫోన్ దారి ఉందో లేదో చెప్పగలదు, దాని కింద ఏ మట్టి ఉందో చెప్పలేదు. ఈ ప్రయాణంలో నేర్చుకోవలసిన విద్య అంతా ఆ మట్టిని గుర్తుపట్టడంలోనే ఉంది.

డొంక మీద పైన కనిపించేది కొండ నుంచి తోలిన ఎర్ర గ్రావెల్. అది చాలాచోట్ల పలుచటి పొర మాత్రమే, దాని కింద ఉన్నది నల్లరేగడి. ఎండినప్పుడు రాయిలా గట్టిగా ఉండే రేగడి, తడి తగలగానే జిగురుగా మారి టైరుకు చుట్టుకుంటుంది. నాలుగైదు చుట్లు తిరిగేసరికి టైరుకూ ఫోర్కుకూ మధ్య సందు పూడిపోయి చక్రం తిరగడం మానేస్తుంది. మడ్‌గార్డు ఉంటే ఇంకా ముందే ఆగిపోతుంది. అప్పుడు బలం పెట్టి తొక్కితే మట్టి చెయిన్‌తో పాటు డీరెయిలర్‌లోకి (చెయిన్‌ను గేర్ల మధ్య మార్చే భాగంలోకి) వెళ్ళి, అది మెలి తిరిగి చక్రం ఊచల్లో పడుతుంది. కాబట్టి చక్రం బరువెక్కినట్టు అనిపించిన ఆ క్షణమే దిగాలి, మరొక్క తొక్కు కూడా తొక్కకూడదు. సైకిలు ఎత్తుకుని గడ్డి ఉన్న అంచుకు చేరి, పుల్లతో మట్టి గీకి, వచ్చిన దారినే వెనక్కి నడవాలి. ముందుకు వెళ్తే ఎక్కడో గట్టి నేల వస్తుందన్న ఆశ ఎప్పుడూ మోసమే చేస్తుంది.

ఆ పరిస్థితి రాకుండా ఉండాలంటే దిగే ముందే పరీక్షించాలి. డొంక మొదట్లో నేల బాగానే ఉంటుంది కనుక అక్కడ చూసి ప్రయోజనం లేదు. ఓ వంద అడుగులు లోపలికి నడిచి వెళ్ళి, బండ్ల గాడిలో మడమతో గట్టిగా తొక్కాలి. మడమ గుర్తు పడకపోతే వెళ్ళవచ్చు. గుర్తు పడి దాని అంచులు పొడిగా విరిగితే జాగ్రత్తగా వెళ్ళవచ్చు. అంచులు నున్నగా మెరిస్తే ఆ రోజుకు ఆ డొంక లేదనుకోవాలి. గుప్పెడు మట్టి పిసికి చూడటం రెండో పరీక్ష: పిడికిలి విప్పగానే రాలిపోతే ఒండ్రు కలిసిన నేల, ముద్దగా నిలిస్తే రేగడి. నదికి దగ్గరవుతున్న కొద్దీ ఒండ్రు పెరిగి నేల త్వరగా ఆరుతుంది, కాలువ వైపున రేగడి ఎక్కువ. చిన్న జల్లుకు ఒక పూర్తి ఎండ రోజు, గట్టి వానకు మూడు రోజులు గడువు ఇవ్వాలి. వాన లేకపోయినా పొలాలకు నీరు పెట్టే రోజుల్లో బోదెల ఊట డొంకలోకి వస్తుందని చాలామందికి తోచదు, ఆకాశం నీలంగా ఉందని దిగిపోతారు.

పరీక్షలన్నిటికంటే నమ్మదగినది పొలంలో ఉన్న మనిషి మాట, అయితే అడిగే తీరు తెలియాలి. "ఈ దారి కరకట్టకు వెళ్తుందా?" అంటే వెళ్తుందనే చెబుతారు, ఎందుకంటే అది వెళ్తుంది. "బాబాయ్ గారూ, ఈ డొంకలో ఇవాళ ట్రాక్టరు ఏమన్నా వెళ్ళిందా?" అని అడగాలి. వెళ్ళిందంటే నేల గట్టిదే, వెళ్ళి కూరుకుపోయిందంటే ఆ కబురూ వారే చెబుతారు.

ఎండిన డొంకకూ ఒక ప్రమాదం ఉంది. తడిలో ట్రాక్టర్లు వేసిన గాళ్ళు అలాగే బిగుసుకుపోతాయి. ముందు చక్రం గాడి అంచును ఏటవాలుగా తాకితే మనిషి పడడం ఖాయం. గాడిలోకి దిగితే అది మారే చోటు దాకా అందులోనే ఉండాలి, లేదంటే మధ్య గడ్డి వరుస మీదే తొక్కాలి. టైర్ల గాలి విషయంలో రాజీ పడకూడదు: 70 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైరులో ముందు 32, వెనుక 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) సరైన లెక్క. పెట్రోలు బంకులో 60 కొట్టించుకుని రేగడి గాళ్ళలో దిగేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

నేల అనుకూలించకపోతే దుగ్గిరాల నుంచి తారు రోడ్డులో కరకట్టకు చేరడమే వివేకం. ఒకసారి కరకట్ట ఎక్కాక ఎడమన నది, లంకల్లో అరటి, కంద, పసుపు తోటలు, కుడిన ఊళ్ళు ఉంటాయి. ఇసుక రీచ్‌ల దగ్గర లారీలు వస్తే గట్టు అంచుకు జరిగి ఆగాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండరాదు. కొల్లూరులో కడుపు నిండా తిని, వెల్లటూరు మీదుగా భట్టిప్రోలు చేరాలి.

భట్టిప్రోలు స్తూపానికి కనీసం గంట సమయం ఉంచుకోవాలి. 1892లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో ఇక్కడ ధాతు పేటికలు (పవిత్ర అవశేషాలు ఉంచిన పెట్టెలు) దొరికాయి, వాటి మీది బ్రాహ్మీ శాసనాల్లో కుబేరక రాజు పేరు ఉంది. తెలుగు లిపి పుట్టుక గురించి మాట్లాడేవారంతా ఆ అక్షరాలను తలుచుకుంటారు. అంతకు ముందే 19వ శతాబ్దంలో స్తూపపు ఇటుకలనూ రాళ్ళనూ రోడ్డు, కాలువ పనులకు తరలించారు కనుక ఇప్పుడు మిగిలింది పునాది భాగమే. సైకిలును బయటే ఉంచి నడిచి చూడాలి.

తిరిగి తొక్కే ఓపిక లేకపోతే భట్టిప్రోలులోనే తెనాలి వైపు రైలు దొరుకుతుంది. వేళలూ సైకిలు తీసుకెళ్ళే పద్ధతీ ముందురోజే కనుక్కోవాలి. స్టేషనులో ఎదురుచూసేటప్పుడే చెయిన్, డీరెయిలర్ మీది మట్టిని పాత పళ్ళ బ్రష్షుతో దులిపేయాలి, రాత్రికి గట్టిపడిన రేగడిని మర్నాడు వదిలించడానికి రెట్టింపు సమయం పడుతుంది.