పాత వస్తువుల వేటకు బయలుదేరే ముందు

వానలు వెలిసి నేల మెత్తబడింది, తవ్వకాలకు అనువైన సమయం. వెళ్లేముందు ఇవి చూసుకోండి.

యుద్ధం జరిగిన చోట తుప్పు పట్టిన లోహపు గొట్టం కనిపిస్తే ముట్టుకోవద్దు. వందేళ్ల నాటి ఫిరంగి గుండు (షెల్) కూడా పేలవచ్చు. దూరం జరిగి పోలీసులకు చెప్పండి.

నేల యజమాని ఒప్పుకుంటే చాలదు, చట్టం చూడండి. చాలా దేశాల్లో భూమిలో దొరికిన పురావస్తువు ప్రభుత్వానిదే.

దొరికిన నాణేన్ని తోమకండి. రాగి మీది ఆకుపచ్చ పొర చాలాసార్లు లోపలి లోహాన్ని కాపాడుతుంది. రుద్దితే దాంతోపాటు అక్షరాలూ పోతాయి, మళ్లీ రావు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

తీసేముందు ఫోటో, లోతు, చోటు రాసుకోండి. వస్తువు కాలం చెప్పేది చుట్టూ ఉన్న మట్టే.

కొంటే, ఎవరి చేతులు మారి వచ్చిందో కాగితాలు అడగండి. అక్రమ రవాణాపై యునెస్కో ఒప్పందం 1970 నాటిది. చాలా మ్యూజియంలు ఆ ఏడాదినే గీటురాయిగా చూస్తాయి.