పీరియడ్‌లో మొదటి ఐదు నిమిషాలు: పుస్తకం మూయించి పాఠం గుర్తు చేయించే పద్ధతి

పరీక్ష ముందు పిల్లలు పాఠాన్ని మూడు నాలుగు సార్లు చదువుతారు. చదివిన కొద్దీ వాక్యాలు పరిచితమై, అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది. తీరా ప్రశ్నపత్రం చేతికి వచ్చాక కలం కదలదు. దీన్ని మనం అశ్రద్ధ అంటాం గానీ, లోపం చాలావరకు చదివే పద్ధతిలోనే ఉంది. రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థులు ఒక గద్యభాగాన్ని రెండుసార్లు చదివారు; మరొక దాన్ని ఒకసారి చదివి, ఆపైన చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినదే మెరుగ్గా గుర్తుంది. వారం తర్వాత మాత్రం, రెండుసార్లు చదివినదానిలో సుమారు 42 శాతం, చూడకుండా రాసినదానిలో 56 శాతం నిలిచింది.

దీన్ని తరగతిలో అమలు చేయడానికి అదనపు ఖర్చేమీ లేదు. హాజరు పూర్తికాగానే పుస్తకాలు మూయించి, బోర్డు మీద మూడు ప్రశ్నలు రాయండి: ఒకటి నిన్నటి పాఠం నుంచి, ఒకటి గత వారానిది, ఒకటి గత నెలది. పాత ప్రశ్నలను వదలకూడదు. ఎందుకంటే కొంత మరిచిపోయాక శ్రమపడి గుర్తు తెచ్చుకున్నదే ఎక్కువకాలం నిలుస్తుంది. పిల్లలందరూ రఫ్ నోట్సులో, పక్కవారిని అడగకుండా, తోచినంత రాయాలి.

అసలు కష్టం ప్రశ్న తయారుచేయడంలో ఉంది. "సముద్ర పవనం అనగానేమి?" అని అడిగితే బట్టీపట్టిన నిర్వచనమే తిరిగి వస్తుంది. విశాఖపట్నం పిల్లలను, "రామకృష్ణా బీచ్‌లో మధ్యాహ్నం గాలి ఎటు నుంచి వీస్తుంది, ఎందుకు?" అని అడగవచ్చు. మా ఏడో తరగతిలో ఒక అమ్మాయి, "సముద్రం నుంచి. పగలు సముద్రం ఎక్కువ వేడెక్కుతుంది కనుక" అని రాసింది. దిక్కు సరైనదే, కారణం తలకిందులైంది. తప్పు అని కొట్టివేయకుండా, ఎండవేళ చెప్పులు విడిచి ఇసుకలో నడిచి, తర్వాత నీళ్లలో అడుగుపెడితే ఎలా ఉంటుందని అడిగాను. "ఇసుక కాలుతుందండి" అని, తన వాక్యం వైపు చూసుకుని, తానే కొట్టేసి రాసుకుంది: నేల త్వరగా వేడెక్కుతుంది, దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మరుసటి వారం అదే విషయాన్ని తిప్పి, తెల్లవారుజామున జాలరిపేట నుంచి వేటకు బయలుదేరే తెరచాప పడవకు గాలి ఎలా సాయపడుతుందని అడిగాను. రాత్రి నేల త్వరగా చల్లబడుతుందన్న మాట ఈసారి చాలామంది సొంతంగా పట్టుకున్నారు.

జవాబులను అప్పటికప్పుడే సరిచేయించండి. లేకపోతే తప్పే మనసులో స్థిరపడే ప్రమాదం ఉంది. ఎవరి నోట్సు వారే వేరే రంగు పెన్నుతో దిద్దుకోవాలి. మార్కులు వేయవద్దు. మార్కులు వేస్తే అది స్లిప్ టెస్టుగా మారి, భయం, చూచిరాత మొదలవుతాయి. పూర్వం పాఠం ఒప్పజెప్పించుకోవడంలోనూ ఈ బలమే ఉండేది. అయితే అక్కడ నిలబడినవాడు ఒక్కడే, మిగిలినవారు తమ వంతు రాకూడదని కోరుకునేవారు. ఇక్కడ గుర్తు తెచ్చుకునే పని ప్రతి పిల్లవాడికీ దక్కుతుంది. ఎంతమందికి తప్పిందో చేతులెత్తించి చూసి, సగం మందికి పైగా తప్పితే కొత్త పాఠం ఆపి దాన్నే మళ్లీ బోధించడం మేలు.

అర్థం కాని పాఠానికి ఈ పద్ధతి మందు కాదు; ముందు బోధన జరగాలి. రాయడం ఇంకా పట్టుబడని పిల్లలు బొమ్మ గీసి చూపవచ్చు, లేదా పక్కనున్నవారికి నోటితో చెప్పవచ్చు.

అడిగిన ప్రతి ప్రశ్ననూ తేదీతో ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచుకోండి. దసరా, సంక్రాంతి సెలవులైనా, తుపాను వల్ల బడి మూసినా, తెరిచిన మొదటి రోజున కొత్త పాఠం ఎత్తుకోకుండా, ఆ నోటుపుస్తకం తీసి సెలవులకు ముందటి ప్రశ్నలే మూడు అడగండి.