విజేత జట్టులోని ప్రతి అమ్మాయికీ అధికారిక గుర్తింపు ఎలా ఇప్పించాలి?

కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోని అంతర కళాశాలల పోటీల్లో మహిళల బాస్కెట్‌బాల్ జట్టు గెలిస్తే, మరునాడు ప్రిన్సిపాల్ గదిలో కప్పుతో ఫొటో దిగడం, జిల్లా పేజీలో వార్త రావడం సంతోషించదగినవే గాని అవి అధికారిక గుర్తింపు కావు. కప్పు కళాశాల బీరువాలోనే ఉండిపోతుంది. అమ్మాయి వెంట వెళ్లేది ఆమె పేరున్న పత్రం ఒక్కటే కాబట్టి, జట్టులోని పన్నెండు మందికీ విడివిడిగా పత్రాలు ఇప్పించే పనిని ఫిజికల్ డైరెక్టర్ ఆ వారంలోనే మొదలుపెట్టాలి.

మొదట ఫైనల్ మ్యాచ్ స్కోర్‌షీటు సంపాదించండి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫీబా) నిబంధనల ప్రకారం దాని గులాబీ రంగు నకలు గెలిచిన జట్టుకు చెందుతుంది. నిర్వాహకులు రంగుల నకళ్లు వాడకపోతే, రిఫరీ సంతకమున్న అసలు ప్రతికి జిరాక్సు అడిగి తీసుకోవాలి. ఇందులో ఆటగాళ్లందరి పేర్లూ ఉంటాయి. కోర్టులోకి దిగే అవకాశం రాక బెంచీ మీదే కూర్చున్న అమ్మాయి కూడా జట్టు సభ్యురాలే. ఆమెకు పత్రం ఎగ్గొట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

తర్వాత పేర్లు సరిచూడాలి. అన్ని జాగ్రత్తలలోకీ ఇదే ముఖ్యమైనది. ఇంటిపేరు, అక్షరక్రమం, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఎలా ఉన్నాయో పత్రంలోనూ అచ్చంగా అలాగే ఉండాలి. పెళ్లయిన విద్యార్థినుల పేర్లకు ఆధార్‌లో అత్తింటివారి ఇంటిపేరు చేరి ఉండవచ్చు, పిలుపు పేరే రాసేసిన సందర్భాలూ ఉంటాయి. ఏళ్ల తరువాత ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన జరిగేటప్పుడు ఆ ఒక్క తేడాయే అడ్డంకి అవుతుంది.

జాబితా, స్కోర్‌షీటు నకలు జతచేసి ప్రిన్సిపాల్ ద్వారా విశ్వవిద్యాలయ క్రీడా విభాగానికి లేఖ పంపి, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. అంతర కళాశాలల విజయాన్నీ విశ్వవిద్యాలయ ప్రాతినిధ్యాన్నీ ఒకటిగా భావించకూడదు. క్రీడాకారుల కోటా ఉద్యోగాలకు కోరే ఫారం-3, విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికై అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవారికే వర్తిస్తుంది. దానిపై విశ్వవిద్యాలయ క్రీడలకు బాధ్యత వహించే అధికారి సంతకం చేయాలి గాని కళాశాల ప్రిన్సిపాల్ సంతకం సరిపోదు.

కళాశాలల నాణ్యతను మదింపు చేసే నాక్ సంస్థకు పంపే నివేదికలోనూ ఈ విజయాన్ని నమోదు చేయించాలి. అయితే అక్కడ జట్టుగా గెలిచిన పతకాన్ని ఒకటిగానే లెక్కిస్తారు కనుక, కళాశాల అవసరం ఒక్క పత్రంతో తీరిపోతుంది, మిగతా పదకొండు మంది సంగతి మరుగున పడే ప్రమాదం అక్కడే ఉంది. అందువల్ల నివేదిక పంపేలోగానే అందరి పత్రాలూ అందినట్లు రిజిస్టరులో సంతకాలు తీసుకుని, చివరి సంవత్సరం అమ్మాయిలకు టీసీతో పాటే ఒరిజినల్ చేతికి ఇచ్చి, నకలు కళాశాల ఫైలులో భద్రపరచాలి.